తుఫానుకి కరెంటూ సిగ్నలూ రెండూ పోతే: ఏది కొనాలి, ఏది అక్కర్లేదు

పోయిన వారం పలాస నుంచి మా బావ ఫోన్ చేశాడు. "ఇన్వర్టర్ కొనమంటావా, చిన్న జనరేటర్ కొనమంటావా? లేకపోతే ఆ సూర్యఘర్ సోలార్ పెట్టించేస్తే రెండూ అక్కర్లేదేటి?" అని అడిగాడు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వాళ్ళ పక్కనుంచే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు, జీడి తోటలు నేలమట్టమైన ఆ రోజులు ఆయనకి ఇంకా కళ్ళ ముందే ఉంటాయి. అందుకే అక్టోబరు దగ్గరపడితే టెన్షన్ మొదలవుతుంది.

నేను విశాఖలో ఉంటాను. నా లెక్క 2014 అక్టోబరు 12 నుంచి మొదలవుతుంది. ఆదివారం, హుద్‌హుద్. గంటకు 180 కిలోమీటర్ల దాకా వీచిన గాలి మధ్యాహ్నం ఒక్కసారిగా ఆగింది. అయిపోయిందనుకుని జనం వీధుల్లోకి వచ్చేశారు. అది తుఫాను కన్ను అని మా వీధిలో ఎవరికీ తెలియదు, కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి మళ్ళీ అందుకుంది. మా ఇంటికి కరెంటు ఆరో రోజు వచ్చింది. మూడో రోజు అనుకుంటా, సందు చివరి కిరాణా కొట్టాయన జనరేటర్ పెట్టి ఫోన్లు చార్జింగ్ చేసిస్తుంటే నేనూ వెళ్ళాను. ఫోనుకి 20 రూపాయలు. బల్ల మీద మూడు ఎక్స్‌టెన్షన్ బాక్సులు, వాటికి ఓ పాతిక ఫోన్లు, ఒక్కోదానికి రబ్బరు బ్యాండుతో పేరు రాసిన కాగితం ముక్క. గంటన్నర నిలబడి 60 శాతం ఎక్కించుకుని ఇంటికొచ్చి ఆన్ చేస్తే, సిగ్నల్ లేదు. చార్జింగ్ వేరు, సిగ్నల్ వేరు అని ఆ రోజు తెలిసొచ్చింది. 20 రూపాయలకి నాకు టార్చిలైటు దక్కింది, అంతే.

బావకి ఫోన్లో చెప్పినదాన్నే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. కోస్తాలో ఉండి ఇదే డైలమాలో ఉన్నవాళ్ళకీ, అమ్మానాన్నలు కోస్తాలో ఉండి తాము ఎక్కడో దూరాన ఉన్నవాళ్ళకీ పనికొస్తుందేమో చూడండి.

## కొనే ముందు అడగాల్సినవి

మొదటి ప్రశ్న ఎన్ని వాట్లు అని కాదు. ఇది దేని మీద వేలాడుతోంది అన్నది. ఒకే కొమ్మకి రెండు కాయలు ఉంటే కొమ్మ విరిగినప్పుడు రెండూ పడతాయి. కరెంటు స్తంభం మీదుగా వచ్చే కరెంటు, అదే స్తంభం మీదుగా వచ్చే ఫైబర్ కేబుల్, ఆ కరెంటుతోనే నడిచే సెల్ టవర్, ఇవి మన కంటికి మూడు వేర్వేరు సర్వీసులు, మూడు బిల్లులు. తుఫానుకి మాత్రం ఒకే స్తంభం. ఏపీ ఫైబర్‌నెట్‌నే చూడండి. ఊరూరా కేబుల్‌ని కరెంటు స్తంభాల మీదుగానే లాగారు. తవ్వకాలు లేకుండా త్వరగా, చౌకగా పని అయిపోయింది, ఆ నిర్ణయాన్ని నేను తప్పు పట్టను. కానీ స్తంభం ఒరిగిన రోజు కరెంటుతో పాటు నెట్ కూడా పోతుందని మనకి ముందే తెలిసి ఉండాలి.

రెండోది, గంటల కోసమా, రోజుల కోసమా? 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తరాది గ్రిడ్లు కుప్పకూలి 60 కోట్లకు పైగా జనం ఉండే ప్రాంతాలకి కరెంటు పోయింది. అప్పట్లో దక్షిణాది గ్రిడ్ విడిగా ఉండేది కాబట్టి ఆ సెగ మనకి తగల్లేదు, 2013 డిసెంబరు 31న మనదీ జాతీయ గ్రిడ్‌లో కలిసింది. అలాంటి బ్లాకౌట్‌లో తీగలు, స్తంభాలు బాగానే ఉంటాయి, పవర్ ప్లాంట్లను వరసగా మళ్ళీ నిలబెట్టుకోవాలి అంతే, గంటల్లోనో ఒక రోజులోనో వచ్చేస్తుంది. తుఫాను అలా కాదు. స్తంభాలే పడిపోతాయి, కొత్తవి రావాలి, అవి తెచ్చే లారీకి రోడ్డు మీద చెట్లు అడ్డం. ఇన్వర్టర్ షాపువాడు మాట్లాడేది మొదటి రకం గురించి. మీకు కావాల్సింది రెండో రకానికి.

మూడోది నీళ్ళు. గాలి తుఫానుకి తట్టుకున్నది వరదకి తట్టుకోకపోవచ్చు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్ళు మునిగినప్పుడు డ్రోన్లతో తిండి, నీళ్ళు అందించాల్సి వచ్చింది. అలాంటి చోట ఇన్వర్టర్ బ్యాటరీ గ్రౌండ్ ఫ్లోర్‌లో నేల మీద పెట్టుకుంటే అది ఇనప ముద్దే.

ఇంకా రెండున్నాయి: చట్టం ఒప్పుకుంటుందా, ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళు దాన్ని ఆన్ చేయగలరా. ఈ రెండోదాన్ని మనం అస్సలు పట్టించుకోం. చోక్ లాగి తాడు గుంజితే గానీ స్టార్ట్ కాని జనరేటర్‌ని డెబ్భై ఏళ్ళ అమ్మ కోసం కొనిపెట్టి వెళ్ళిన కొడుకులు నాకు తెలుసు.

## ముందు కరెంటు సంగతి

| ఏది | సుమారు ఖర్చు | ఎంతసేపు | ఎక్కడ దెబ్బతింటుంది |
|---|---|---|---|
| ఇన్వర్టర్, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ | 20–25 వేలు | పొదుపుని బట్టి 6 నుంచి 30 గంటలు | రీచార్జ్‌కి మళ్ళీ ఆ కరెంటే కావాలి |
| చిన్న పెట్రోల్ జనరేటర్, 2 కేవీఏ | 30 వేల నుంచి 60 వేల పైన | పెట్రోల్ ఉన్నంతసేపు | పెట్రోల్ బంకుకీ కరెంటు లేదు |
| ఆన్-గ్రిడ్ సోలార్ (వీధి లైన్‌కి కలిపి పెట్టేది) | సబ్సిడీ పోగా లక్ష, అటూ ఇటూ | కరెంటు పోతే సున్నా | కింద చదవండి |
| హైబ్రిడ్ సోలార్, బ్యాటరీతో | పై దానికంటే బాగా ఎక్కువ | ఎండ ఉన్నన్నాళ్ళు | ప్యానెళ్ళు గాలికి లేస్తే అంతే |
| చిన్న ప్యానెల్, పాత ఇన్వర్టర్ బ్యాటరీ | 8–12 వేలు | లైట్లు, ఫోన్లకి రోజులు | ఫ్యాన్లు ఆశించకండి |
| 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ | 1,500–2,500 | ఒక ఫోనుకి రెండున్నర చార్జింగులు | అంతకు మించి ఏమీ లేదు |

ఈ ధరలు నేను షాపుల్లో విన్నవి, మీ ఊళ్ళో అటూ ఇటూ ఉంటాయి.

ఇన్వర్టర్ లెక్క ఒకసారి చేసి చూపిస్తాను, ఎందుకంటే షాపులో "ఆరేడు గంటలొస్తుంది సార్" తప్ప ఇంకేమీ చెప్పరు. 12 వోల్టులు, 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు), రెండూ గుణిస్తే 1800 వాట్ అవర్లు. నష్టాలు పోగా, బ్యాటరీని పూర్తిగా పిండకుండా, 1200 వాడుకోవచ్చనుకోండి. మామూలు ఫ్యాన్ 75 వాట్లు లాగుతుంది. రెండు ఫ్యాన్లు, మూడు ఎల్ఈడీ బల్బులు, ఇంటర్నెట్ బాక్సు కలిపితే 190 దాకా అవుతుంది, అంటే ఆరు గంటలు. అవే రెండూ తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్లయితే మొత్తం వంద వాట్లు, పన్నెండు గంటలు. ఫ్యాన్లు కట్టేసి ఒక బల్బు, నెట్ బాక్సు మాత్రమే వేసుకుంటే, ఇన్వర్టర్ తనకోసం తినే పది పదిహేను వాట్లు కలుపుకున్నా ముప్ఫై గంటలు దాటుతుంది. అంటే పెద్ద బ్యాటరీ కొనడం కంటే రెండు ఫ్యాన్లు మార్చడం చవక. తుఫాను రాత్రి చలిగాలికి ఫ్యాన్ ఎవరూ వేసుకోరు, మర్నాటి నుంచి మొదలయ్యే ఉక్కకే అసలు ఇబ్బంది.

ఆరు రోజుల కోతకి ఒంటరి ఇన్వర్టర్ చాలదు. రెండో రోజు సాయంత్రానికి కుయ్‌కుయ్‌మని ఆగిపోతుంది. అయినా నా ఓటు మొదట దీనికే, ఎందుకంటే ఏడాదిలో మిగతా 360 రోజులూ పనికొచ్చేది ఇదొక్కటే. పైగా దానికి ఒక చిన్న సోలార్ ప్యానెల్ తగిలించుకునే దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

జనరేటర్ అంటే నాకు కొంచెం భయం, దాచుకోను. 2 కేవీఏది గంటకు సుమారు లీటరు పెట్రోల్ తాగుతుంది. రోజుకి నాలుగు గంటలు వేసినా ఆరు రోజులకి 24 లీటర్లు. అంత పెట్రోల్ ఇంట్లో నిల్వ పెట్టుకోవడం ఒక ప్రమాదం, పెట్టుకోకపోతే బంకు దగ్గర క్యూ. హుద్‌హుద్ తర్వాత విశాఖ బంకుల దగ్గర క్యూలు చూసినవాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి రంగు లేదు, వాసన లేదు. వర్షం పడుతోందని వరండాలోనో వంటింటి గుమ్మం దగ్గరో పెడితే పడుకున్నవాళ్ళు పడుకున్నట్టే పోతారు. ఇంకొక పాపం పని ఉంది: జనరేటర్ వైరుని ఇంట్లో ప్లగ్‌లోకి గుచ్చి ఇల్లంతా వెలిగించడం. ఇంటిని వీధి లైన్ నుంచి విడదీసే చేంజోవర్ స్విచ్ లేకుండా అలా చేస్తే కరెంటు వెనక్కి లైన్లోకి వెళుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర అది మళ్ళీ వేల వోల్టులవుతుంది, స్తంభం ఎక్కిన లైన్‌మ్యాన్ ప్రాణం మీదికొస్తుంది.

అయితే జనరేటర్ తప్పనిసరి అయిన ఇళ్ళూ ఉన్నాయి, వాటి సంగతి కిందికొచ్చాక చెబుతాను. అపార్ట్‌మెంట్ వాళ్ళు మాత్రం ఒక్కసారి సెల్లార్లోకి దిగి మీ డీజిల్ జనరేటర్ ఎంత ఎత్తులో ఉందో చూసుకోండి. 2011లో జపాన్‌లో సునామీ వచ్చినప్పుడు ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రం భూకంపానికి నిలబడింది, బయటి కరెంటు పోయినా డీజిల్ జనరేటర్లు మొదలయ్యాయి, ఆ తర్వాత కింది అంతస్తుల్లోకి నీళ్ళొచ్చి అవీ మునిగాయి. అంతటివాళ్ళకే అది తప్పలేదు. మన బిల్డర్ కారు పార్కింగ్ పక్కన మిగిలిన జాగాలో పెట్టిన దాని గురించి అసోసియేషన్ మీటింగ్‌లో ఓసారి అడిగితే తప్పేం లేదు.

ఆన్-గ్రిడ్ సోలార్. బావ ప్రశ్నకి సూటి జవాబు ఇక్కడుంది. పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకి 78 వేల దాకా సబ్సిడీ వస్తుంది, కరెంటు బిల్లు తగ్గుతుంది, అది మంచి పథకమే. కానీ మామూలుగా పెట్టే ఆన్-గ్రిడ్ ఇన్వర్టర్ వీధిలో కరెంటు పోగానే తనంతట తానే ఆగిపోతుంది. నడినెత్తిన ఎండ మండుతున్నా, నెత్తి మీద 3 కిలోవాట్ల ప్యానెళ్ళున్నా, ఇంట్లో చీకటే. ఇది లోపం కాదు, కావాలనే అలా చేస్తారు, కారణం పైన చెప్పిన లైన్‌మ్యానే. ఈ ముక్క అమ్మేవాళ్ళు చెప్పరు, కొనేవాళ్ళు అడగరు. తుఫానుకి పనికిరావాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, దానికి బ్యాటరీ ఉండాలి, ఖర్చు చాలా పెరుగుతుంది. బిల్లు కోసమైతే ఆన్-గ్రిడ్ పెట్టించుకోండి, తుఫాను కోసమని మాత్రం పెట్టించుకోకండి.

నాకు బాగా నచ్చింది టేబుల్లో ఐదో వరస. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నవాళ్ళు వంద వాట్ల ప్యానెల్ ఒకటి, ప్యానెల్ నుంచి బ్యాటరీకి వెళ్ళే కరెంటుని అదుపు చేసే చార్జ్ కంట్రోలర్ ఒకటి కొనుక్కుని మామూలు రోజుల్లో మంచం కింద పెట్టుకోవడం. తుఫాను గాలికి అది డాబా మీద ఉండదు, అందుకే ఎగిరిపోదు. గాలి తగ్గిన మర్నాడు ఎండ ఎలా కాస్తుందో కోస్తా వాళ్ళకి తెలుసు, అప్పుడు తీసి డాబా మీద పడుకోబెడితే మంచి ఎండలో రోజుకి నాలుగు వందల వాట్ అవర్లు వస్తాయి. ఫోన్లు, బల్బులు, నెట్ బాక్సు, రాత్రికి ఒక బీఎల్‌డీసీ ఫ్యాను కాసేపు. స్తంభంతో సంబంధం లేదు, బంకుతో సంబంధం లేదు.

## ఇక సిగ్నల్

టవర్లకి బ్యాటరీలు ఉంటాయి, అవి కొన్ని గంటలే. చాలావాటికి డీజిల్ జనరేటర్ ఉంటుంది, ఆ డీజిల్ తెచ్చే బండి చెట్లు తొలగించేదాకా రాదు. టవర్ బతికున్నా దాన్ని ఎక్స్ఛేంజికి కలిపే ఫైబర్ ఎక్కడో తెగితే మీ ఫోన్లో నాలుగు గీతలుంటాయి, కాల్ మాత్రం పోదు. పాత రాగి తీగ ల్యాండ్‌లైన్ ఉన్నప్పుడు ఎక్స్ఛేంజి నుంచే దానికి కరెంటు వచ్చేది, ఇంట్లో దీపం లేకపోయినా ఫోన్ మోగేది. ఇప్పటి ఫైబర్ ల్యాండ్‌లైన్‌కి ఇంట్లో బాక్సు వెలగాలి. చాలామంది ఇన్వర్టర్ పెట్టించుకుంటారు గానీ నెట్ బాక్సు ప్లగ్ ఇన్వర్టర్ లైన్లో ఉందో లేదో చూడరు.

రెండు సిమ్‌లు. అందరూ చేయగలిగింది, ఖర్చు తక్కువ. కానీ రెండు ప్రైవేటు కంపెనీల సిమ్‌లు పెట్టుకుని నిశ్చింతగా ఉండొద్దు. చాలాచోట్ల రెండు కంపెనీల పరికరాలూ ఒకే టవర్ మీద ఉంటాయి, అదే కొమ్మ, అవే కాయలు. ఒకటి ప్రైవేటుది, ఒకటి బీఎస్ఎన్ఎల్‌ది పెట్టుకుంటే టవర్లు వేరయ్యే అవకాశం ఎక్కువ. రోజూ బీఎస్ఎన్ఎల్ వాడమని నేను చెప్పను, నాకూ ఓపిక లేదు, తుఫాను కోసం ఒకటి బతికించి ఉంచుకోండి చాలు.

ఇంకో సంగతి. పెద్ద తుఫాన్లప్పుడు ఒక కంపెనీ సిమ్ ఇంకో కంపెనీ టవర్ మీద పనిచేసేలా టెలికాం శాఖ అనుమతిస్తుంది, ఇంట్రా సర్కిల్ రోమింగ్ అంటారు. అది మొదలైనట్టు వింటే సెట్టింగ్స్‌లో మొబైల్ నెట్‌వర్క్ దగ్గర ఆటోమేటిక్ తీసేసి, కనిపించే నెట్‌వర్క్‌లు ఒక్కొక్కటీ మీరే ఎంచుకుని చూడండి. సిగ్నల్ వచ్చిపోతుంటే కాల్ చేయకండి, ఎస్సెమ్మెస్ పంపండి. కాల్ నిలబడని చోట కూడా అది సందు చూసుకుని వెళ్ళిపోతుంది. అసలు సిగ్నలే లేకపోతే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టేయండి. టవర్ కోసం వెతికి వెతికి ఫోనే చార్జింగ్ తినేస్తుంది.

రేడియో. దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు, నాకేమో అందరికంటే ముందు ఇదే ఉండాలనిపిస్తుంది. మనం మాట్లాడలేం, వినడమే. కానీ తుఫాను కన్ను మీద నుంచి వెళ్తోంది, బయటికి రాకండి అని ఆ మధ్యాహ్నం ఎవరైనా చెప్పి ఉంటే చాలు కదా. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ దేశాల్లో పట్టపగలు కరెంటు పోయినప్పుడు జనం షాపులకి పరిగెత్తి కొన్నది బ్యాటరీ ట్రాన్సిస్టర్లే. ఐదొందల నుంచి పదిహేను వందల్లో వస్తుంది. ఏఎం, ఎఫ్ఎం రెండూ ఉన్నది, మామూలు పెన్సిల్ బ్యాటరీలతో నడిచేది తీసుకోండి, రీచార్జబుల్ మాత్రమే ఉన్నది వద్దు. ఎఫ్ఎం దగ్గర్లోని ట్రాన్స్‌మిటర్ నుంచే వస్తుంది, ఏఎం చాలా దూరం నుంచీ వస్తుంది, అందుకే రెండూ కావాలి. విశాఖ 927, విజయవాడ 837 కిలోహెర్ట్జ్ అని పెద్దవాళ్ళకి నోటికొచ్చు. కొన్నరోజే ట్యూన్ చేసి మీ ఇంట్లో ఏ స్టేషన్లు వినిపిస్తున్నాయో వెనకాల అట్ట మీద రాసి పెట్టండి.

వాకీటాకీ. లైసెన్స్ అక్కర్లేని 446 మెగాహెర్ట్జ్ సెట్లు ఉన్నాయి. ఊళ్ళో ఒకటి రెండు వీధులు, అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మ్యాన్‌కీ పై అంతస్తుకీ మధ్య బాగా పనిచేస్తాయి. డబ్బా మీద పది కిలోమీటర్లు అని రాసుంటే నమ్మకండి, కట్టడాల మధ్య అంత దూరం ఎక్కడిది. ఆన్‌లైన్లో చవగ్గా దొరికేవాటిలో లైసెన్స్ కావాల్సిన ఫ్రీక్వెన్సీలవీ కలిసిపోయి ఉంటాయి, ఈటీఏ సర్టిఫికెట్ (ఆ సెట్‌కి ప్రభుత్వం ఇచ్చే ఆమోదం) ఉందో లేదో చూసి కొనండి.

హామ్ రేడియో. అంటే పరీక్ష రాసి లైసెన్స్ తీసుకుని, అభిరుచి కొద్దీ మామూలు జనమే నడుపుకునే రేడియో. నిజంగా అన్నీ పోయినప్పుడు నిలబడేది ఇదే. టవర్ వద్దు, కేబుల్ వద్దు. ఒక సెట్, ఒక కారు బ్యాటరీ, చెట్టుకో డాబాకో కట్టిన తీగ చాలు, షార్ట్‌వేవ్‌లో వందల కిలోమీటర్లు మాట్లాడొచ్చు. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు భారతి ప్రసాద్ అనే హామ్ ఆపరేటర్ బృందం హామ్ ప్రసారాల కోసమే అండమాన్‌లో ఉంది, పోర్ట్ బ్లెయిర్ నుంచి బయటి ప్రపంచానికి కబుర్లు చేరవేసింది. హుద్‌హుద్‌కి హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో వాళ్ళు విశాఖ వచ్చారు. పన్నెండేళ్ళు నిండినవాళ్ళెవరైనా పరీక్ష రాయొచ్చు, రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ అనే కింది స్థాయి లైసెన్స్‌కి మోర్స్ కోడ్ (చుక్కలు, గీతల భాష) కూడా అక్కర్లేదు.

మరి అందరూ తీసుకోవాలా? వద్దు. ఇది కొని అలమరలో పెట్టుకునే వస్తువు కాదు, వారానికి ఒకసారైనా మాట్లాడితేనే చేతికి వస్తుంది. చేతిలో పట్టుకునే చిన్న సెట్, సిగ్నల్‌ని అందుకుని మళ్ళీ దూరానికి పంపే రిపీటర్ లేకుండా ఊళ్ళో మూడు నాలుగు కిలోమీటర్లు దాటదు, అవతల వినేవాడు కూడా హామ్ అయ్యుండాలి. ఇంట్లో ఎలక్ట్రానిక్స్ పిచ్చి ఉన్న ఇంటర్ కుర్రాడుంటే వాడికి ఇది అలవాటు చేయండి, ఊరికి ఒక్కరున్నా చాలు.

శాటిలైట్ ఫోన్. అమెరికా, గల్ఫ్‌లలో ఉన్న పిల్లలకి ఇది గట్టిగా చెబుతున్నా. అమ్మానాన్నల కోసమని తురాయా, ఇరిడియం ఫోన్లు గానీ, ట్రెక్కింగ్‌కి వాడే శాటిలైట్ మెసెంజర్లు గానీ సూట్‌కేసులో పెట్టుకుని రాకండి. టెలికాం శాఖ అనుమతి లేకుండా మన దేశంలో అవి చట్టవిరుద్ధం, ఎయిర్‌పోర్టుల్లో విదేశీయుల్ని కూడా పట్టుకున్న సందర్భాలున్నాయి. అనుమతితో బీఎస్ఎన్ఎల్ ఇచ్చే ఇన్‌మార్‌శాట్ ఫోన్లు ఉన్నాయి గానీ ఒక ఇంటికి అది మోయలేని ఖర్చు. శాటిలైట్ ఇంటర్నెట్ ఇచ్చే స్టార్‌లింక్‌కి మన దేశంలో 2025 జూన్‌లో లైసెన్స్ వచ్చింది. ఇంటికి పెట్టించుకునే పరిస్థితి వచ్చినా దాని డిష్ కూడా కరెంటు బాగానే తాగుతుందని, గాలికి ముందు దింపాలని గుర్తుంచుకోండి.

వేటకెళ్ళే బోట్ల సంగతి వేరే. ఇస్రో తయారుచేసిన ట్రాన్స్‌పాండర్లని కేంద్రం మత్స్య సంపద యోజన కింద లక్ష బోట్లకి ఇస్తోంది, టవర్ అందని సముద్రంలో కూడా వాతావరణ హెచ్చరిక వస్తుంది, ఆపదలో ఉన్నామని తిరిగి చెప్పొచ్చు. మీ బోటుకి లేకపోతే మత్స్యశాఖ ఆఫీసులో అడగండి, పైవేవీ దానికి సాటిరావు.

## ఎవరికి ఏది

సొంత ఇల్లు, డాబా ఉన్న పల్లెటూరి వాళ్ళు: ఇన్వర్టర్, మంచం కింద ప్యానెల్, రేడియో. బోరు మోటార్ వీటి మీద ఆడదు, కాబట్టి హెచ్చరిక వచ్చిన రోజే ట్యాంకు, డ్రమ్ములు, బిందెలు నింపుకోండి. ఊళ్ళో నలుగురైదుగురు కలిసి ఒక జనరేటర్ కొని వంతులవారీగా బోరుకి వాడుకుంటే ఇంటికొకటి కొనడం కంటే మేలు, పెట్రోల్ కూడా తగ్గుతుంది.

విశాఖ, కాకినాడ లాంటి చోట అపార్ట్‌మెంట్లు: విడిగా జనరేటర్ ఊసే వద్దు, బాల్కనీలో దాన్ని పెట్టడమంటే పక్కింటివాళ్ళ ప్రాణాలతో ఆట. హుద్‌హుద్ తర్వాత విశాఖలో ప్రపంచ బ్యాంకు సాయంతో భూగర్భ కేబుళ్ళు వేశారు. మీ వీధి వాటి మీద ఉంటే మీకు చిన్న ఇన్వర్టరే చాలొచ్చు, స్తంభాల మీదే ఉంటే రెండు మూడు రోజులకి సిద్ధపడండి. అసోసియేషన్ జనరేటర్‌కి డీజిల్ ఎంతుందో తుఫాను కబురు వచ్చిన రోజే అడగండి. లిఫ్టుకి కాకుండా నీళ్ళ మోటారుకి ముందు అని తీర్మానం చేయించండి, లేకపోతే పదో అంతస్తు వాళ్ళకీ మొదటి అంతస్తు వాళ్ళకీ గొడవే.

ఇంట్లో ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ మీద ఉన్నవాళ్ళుంటే: జనరేటర్ తప్పనిసరి అని పైన చెప్పింది ఇలాంటివాళ్ళ గురించే. ఐదు లీటర్ల మిషన్ 300 వాట్ల పైన లాగుతుంది, పైన లెక్కేసిన ఇన్వర్టర్ మీద మూడు మూడున్నర గంటలు, అంతే. జనరేటర్ ఉన్నా చాలదు, నిండు సిలిండర్ ఒకటి ఇంట్లో ఉండాలి, అన్నిటికంటే ముఖ్యంగా హెచ్చరిక రాగానే కరెంటు నమ్మకంగా ఉండే చోటికి, ఆసుపత్రి దగ్గరికి మనిషిని మార్చేయాలి. ఇన్సులిన్ గురించి అంత కంగారు వద్దు. వాడకంలో ఉన్న సీసా 30 డిగ్రీల లోపు నాలుగు వారాలు ఆగుతుంది, తడి గుడ్డ చుట్టిన కొత్త కుండలో పెడితే చాలు. రకాన్ని బట్టి తేడా ఉంటుంది, డబ్బాలో ఉన్న చీటీ చదవండి.

దూరాన ఉండి పెద్దవాళ్ళ గురించి ఆలోచించేవాళ్ళు: ఖరీదైనది కొనాలని చేయి లాగుతుంది, ఆగండి. రేడియో, పవర్ బ్యాంక్ రెండు, కీప్యాడ్ ఫోన్ ఒకటి, బీఎస్ఎన్ఎల్ సిమ్, పది రోజుల మందులు, ఐదారు వేల నగదు చిల్లర నోట్లలో. నగదు ఎందుకంటే కరెంటు, సిగ్నల్ పోయిన చోట యూపీఐ ఉండదు, ఏటీఎం ఉండదు. తుఫానే అక్కర్లేదు, 2025 మార్చి 26న, ఏప్రిల్ 12న దేశమంతా యూపీఐ మొరాయించింది కదా. అన్నిటికంటే పనికొచ్చేది ఇంకొకటుంది: స్తంభాలు పడని ఊళ్ళో, అంటే తీరానికి దూరంగా ఉన్న ఒక చుట్టం నంబరు. ఇక్కడివాళ్ళు "బాగున్నాం" అని ఒక్క ఎస్సెమ్మెస్ ఆ నంబరుకి పంపితే, మిగతా అందరూ అక్కడ అడిగి తెలుసుకుంటారు. నలభై మంది ఒకే ముసలాయనకి ఫోన్ చేసి ఉన్న కాస్త చార్జింగ్ లాగేయడం తప్పుతుంది.

చిన్న దుకాణం, మెడికల్ షాపు: మీకు ఫ్రిజ్ ఉంటే జనరేటర్, లేకపోతే ఇన్వర్టర్. అప్పు రాసుకోవడానికి ఒక నోటు పుస్తకం.

బావకి చివరికి ఇన్వర్టర్, ఒక ప్యానెల్, రేడియో అని తేల్చాను. బిల్లు కోసం సోలార్ సంగతి తర్వాత చూద్దామన్నాను. ఇవన్నీ బిగించాక ఒక ఆదివారం మెయిన్ స్విచ్ దించేసి సాయంత్రం దాకా అలాగే ఉండమని కూడా చెప్పాను. మొన్న దించాడట. పది నిమిషాల్లో తేలింది, ఎలక్ట్రీషియన్ హాల్లో ఫ్యాన్లు, బల్బులన్నీ ఇన్వర్టర్ లైన్లోకి కలిపి నెట్ బాక్సు ఉన్న ప్లగ్‌ని వదిలేశాడు. మళ్ళీ పిలిచి ఆ ఒక్క వైరు మార్పించాడు. సాయంత్రం ఫోన్ చేసినప్పుడు వెనకాల రేడియోలో ఎవరో పొలం పనుల గురించి చెబుతుంటే అత్తయ్య గొంతు వినిపించింది, "కరెంటు వచ్చీసినా దీన్ని ఆపకురా, ఇననీ."